గుంట కాడ ఆగిన సైకిలు

"తువ్వాలు ఎవలిది?"

"నాదేనమ్మా."

"సైకిలుకి సుట్టిందెవలు?"

"నానే సుట్టినాను."

నిన్నటినుంచి అడిగిన ప్రతివాళ్ళకీ పెంటయ్య ఈ రెండు మాటలే చెబుతున్నాడు. చెప్పిన ప్రతిసారీ కేసు అతని మెడకి ఇంకాస్త బిగుస్తోంది. ఆ సంగతి అతనికి తెలిసినట్టే లేదు. స్టేషన్ వెనకగదిలో గోడకి జారబడి, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చున్నాడు.

డిటెక్టివ్ కామాక్షి అతని ఎదురుగా నేలమీద చతికిలబడింది. పక్కన కుర్చీ ఉంది. దాంట్లో కూర్చుని అడిగితే జవాబులే వస్తాయి, కింద కూర్చుంటే కబుర్లు వస్తాయి. ఇరవై రెండేళ్ళ హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగంలో ఆమె నేర్చుకున్నది ఇదే. ఉద్యోగం వదిలి సొంత ఊరు కోటబొమ్మాళి బజారులో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు.

గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది. ఎస్సై ఇచ్చింది పది నిమిషాలు. "ఐదింటికి వీణ్ణి కోర్టులో పెడతాను. ఈలోగా మీరు మనిషిని చూపిస్తే వేరే సంగతి" అన్నాడాయన. మాటలో విసురు లేదు, కానీ సందు కూడా లేదు.

కనబడకుండా పోయిన మనిషి భానుప్రకాష్. టెక్కలిలో లెక్కల మాస్టారు. ప్రతి ఆదివారం పొద్దున్నే సైకిలు తొక్కుతాడు. తొక్కిన దారంతా అతని ఫోనులో గీతలా పడుతుంది. ఆ గీతని చూసేవాళ్ళు నాలుగు వేలమంది ఉన్నారు. మొన్న ఆదివారం ఐదూ పదికి టెక్కలిలో మొదలైన గీత, పలాస దాటి, అక్కుపల్లి దారిలో ఏడూ నలభై రెండుకి ఆగిపోయింది. అంతే. ఆ తర్వాత మనిషీ లేడు, ఫోనూ లేదు.

సోమవారానికల్లా ఆ గీత ఆగిన చోటు లోకమంతా తెలిసిపోయింది. ఎలుగుబంటి ఈడ్చుకుపోయిందని ఒకడు రాశాడు. భార్య లావణ్యే చంపించిందని ఇంకొకడు. కిడ్నీల ముఠా అన్నవాడికి అందరికన్నా ఎక్కువ లైకులు పడ్డాయి. ఉద్దానం ఎక్కడుందో మ్యాపులో వెతుక్కున్నవాళ్ళు కూడా హంతకుణ్ణి మాత్రం వేలుపెట్టి చూపించారు. అంతలో సన్యాసయ్య గారి జీడితోటలో సైకిలు దొరికింది. దానికి తోట కాపలాదారు పెంటయ్య తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు మీద మరకలు. ఫోటో బయటికి రాగానే పెంటయ్య పాక మీద రాళ్ళు పడ్డాయి. ఎస్సై అతన్ని లోపల వేసింది సగం అనుమానంతో, సగం అతని ప్రాణం కోసం.

"ఎందుకు సుట్టినావు, పెంటయ్య బావా?"

పెంటయ్య నేలమీద వేలితో గీసి, "సైకిలు మీద పలాస ఆస్పత్రికి ఎంతసేపు పడతాదమ్మా?" అని అడిగాడు.

"గంట పైనే. ఏల?"

"ఏటీ నేదు."

"ఎవలికి బయపడతన్నావు?"

"కాపలా పోతాది తల్లీ."

"మరి జైలుకెల్తే ఉంటాదేటి కాపలా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "జైలు కాడినించి వచ్చీసినాక మల్లీ ఇత్తారు. నోరు జారితే ఇవ్వరు" అన్నాడు.

కామాక్షి లేచి చీర దులుపుకుంది. హంతకుడు ఆస్పత్రి దూరం అడగడు. ఈ మనిషి ఎవరికో దెబ్బ తగలడం చూశాడు. వాళ్ళు ఈపాటికి క్షేమంగా ఉన్నారనే నమ్మకంతోనే ఇంత నిమ్మళంగా కూర్చున్నాడు.

*

ఒంటిగంటా పది. తోటలోకి అడుగుపెట్టేసరికి డీజిల్ ఇంజిను మోత చెవులు చిల్లులు పడేట్టు ఉంది. తోట మధ్యలో ఉన్న నీటిగుంటని పొద్దుటినుంచి తోడుతున్నారు. ఇంజిను పంపింది సన్యాసయ్యే. వచ్చినవాళ్ళకి టీలు కూడా ఆయనే పోయిస్తున్నాడట. గట్టుమీద నలభైమంది. బురదలోంచి ఇప్పటిదాకా రెండు బీరు సీసాలూ ఒక చెప్పూ వచ్చాయి. ఒక్కోదానికీ ఒక్కో వీడియో అయింది.

వీడియోలు తీస్తున్నది త్రినాథ్. పలాస కుర్రాడు, 'నిజం కన్ను' ఛానల్ వాడు. గుంట కాడ ఆగాడన్న మాట లోకానికి ముందు వినిపించింది అతనే.

"వచ్చీసినావా అప్పా? ఆరు లచ్చల మంది ఎతుకుతున్న మనిసిని నువ్వొక్కదానివే పట్టీద్దామనా?"

"ఆరు లచ్చల మందిలో ఈ తోటకొచ్చినోలు ఎంతమందిరా?"

"నానొచ్చినాను కదేటి."

"నువ్వు తోటని సూడ్డానికి రానేదు. తోటలో కనబడ్డానికొచ్చినావు."

గట్టుమీద ఎవరో కిసుక్కున నవ్వారు. త్రినాథ్ కెమెరాని అటు తిప్పి, మళ్ళీ ఇటు తిప్పాడు.

సైకిలు దారికి యాభై అడుగుల లోపల, ఒక జీడిచెట్టుకి చేరేసి ఉంది. శ్రీకాకుళం నుంచి క్లూస్ టీం వచ్చేదాకా కదపొద్దని ఒక కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు. కామాక్షి చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది.

పొద్దున్న లావణ్యని ఆమె ఒకటే అడిగింది. సైకిలు విషయంలో మీ ఆయనకున్న చాదస్తం ఏమిటి అని. "గేర్ల వైపు ఎక్కడా ఆనించరండి. చెట్టయినా గోడయినా గేర్లు బయటికే ఉండాలి. పిల్లలకి చెప్పినట్టు నాకూ చెప్తారు" అంది లావణ్య. ఇంకో మాట కూడా చెప్పింది. ఫోనులో గీత ఛార్జింగ్ అయిపోయి ఆగలేదు. ఆయనే ఆపాడు. దిగినప్పుడు వేలితో నొక్కి ఆపడం ఆయనకి అలవాటు.

ఇక్కడ గేర్లు చెట్టుకి ఒరుసుకుని ఉన్నాయి. గొలుసు మీద బెరడు పొట్టు. అంటే దిగింది అతనే. చెట్టుకి చేర్చింది మాత్రం అతను కాదు.

తర్వాత తువ్వాలు. సీటుకీ హ్యాండిలుకీ మధ్య ఉన్న కడ్డీకి మూడు చుట్లు చుట్టి, కొసలు కిందికి దోపి ఉంది.

"మెడకి బిగించిన తువ్వాలు అదే అప్పా. మరకలు సూసినావా? ఎండిపోయిన రగతం" అన్నాడు త్రినాథ్ వెనకనుంచి.

"మెడకి బిగించినోడు దాన్ని మల్లీ తెచ్చి, కడ్డీకి ఇంత మెత్తగా సుడతాడేట్రా?"

ముడి లేదు, బిగింపు లేదు. మడతమీద మడత సర్ది ఉంది. సంతకెళ్ళే తండ్రి కూతుర్ని ముందు కడ్డీ మీద ఎక్కించుకునేటప్పుడు ఇలాగే చుడతాడు, పిల్లకి గుచ్చుకోకుండా. లోకమంతా ఈ ఫోటో చూసింది. పిల్లని సైకిలు ముందు కూర్చోబెట్టుకున్న మనిషి ఒక్కడూ చూసినట్టు లేడు.

ఆమె వంగి వాసన చూసింది. రక్తం కాదు, జీడినూనె. పిక్క పగలగొడితే తొక్కలోంచి చిమ్మే నూనె. పడ్డచోట చర్మం కాలుతుంది, మరక నెల్లాళ్ళు వదలదు. ఉద్దానంలో పిక్కలు కొట్టే ఏ ఆడదాని వేళ్ళు చూసినా ఈ రంగే. మరకలు ఒకవైపు నాలుగు, రెండోవైపు ఒకటి. కడ్డీని పట్టుకున్న చెయ్యి. కామాక్షి తన చిటికెన వేలు దగ్గరగా పెట్టి చూసింది. మరక అంతకన్నా సన్నం.

"నీ వీడియో ఒక్కసారి ఎట్టు" అంది త్రినాథ్‌తో.

అతను ఉత్సాహంగా ఫోను అందించాడు. తెరమీద రత్నాలమ్మ. మేకలు కాసుకునే ముసలమ్మ, మాస్టారు ఆగడం చూశానన్నది ఆమె ఒక్కతే. పెదాలు కదులుతున్నాయి, కానీ వినబడేది ఆమె గొంతు కాదు. శుభ్రమైన మగగొంతు: "సైక్లిస్టు గుంట దగ్గర ఆగడం కళ్ళారా చూశానని స్థానిక వృద్ధురాలు వెల్లడించారు." వెంటనే నీటిగుంట మీద ఎర్రబాణం.

కామాక్షి ఈ వీడియో ఇప్పటికి పదిసార్లు చూసింది. అదే మాట ఎస్సై కాగితంలోనూ చదివింది. అన్నిసార్లూ ఆమెకి నీళ్ళే కనబడ్డాయి. ఇప్పుడు మాత్రం ఆ చిన్న వేళ్ళు కళ్ళముందు నిలిచాయి. గబగబా గట్టువైపు నడిచింది. రత్నాలమ్మ అక్కడే ఉంది, ఉచితంగా వచ్చిన టీ ఊదుకుంటూ.

"పిన్నీ, ఆదివారం ఏటి సూసినావో మల్లీ ఒక్కసారి సెప్పు. నీ నోటితో సెప్పు."

"ఎన్నిసార్లు సెప్పీది తల్లీ! కిడ్నీలెత్తుకుపోనారంట. ఉద్దానం వొచ్చి కిడ్నీలెత్తుకుపోయే ఎర్రోడెవుడు? ఈలకి పనీ పాటూ నేదు. ఆ టోపీ బాబు బర్రున వొచ్చినాడు. గుంట కాడ ఆగినాడు. దిగినాడు. సీసాలో నీల్లు పోసినాడు."

త్రినాథ్ పకపకా నవ్వాడు. "నిండుగున్న గుంటలో మల్లీ నీల్లు పోసినాడా, మామ్మా?"

"గుంటలో కాదురా, సచ్చినోడా! గుంట కంట్లో పోసినాడు! అది కన్ను నులుపుకుంటా ఏడుత్తంది కదా!"

ఇంజిను మోత ఆగలేదు. కానీ గట్టుమీద మాటలు ఆగిపోయాయి.

బయటివాళ్ళకి గుంటంటే గొయ్యి, నీళ్ళు నిలిచే చోటు. ఈ నేలమీద పుట్టినవాళ్ళకి గుంటంటే ముందు ఆడపిల్ల. ముసలమ్మ తన భాషలో ఆడపిల్ల గురించి చెప్పింది. అది అచ్చుభాషలోకి ఎక్కేసరికి నీళ్ళ గొయ్యి అయిపోయింది.

"ఎవలురా నీ వీడియోకి గొంతు ఎట్టింది?" అంది కామాక్షి నెమ్మదిగా.

"ఎడిటింగు హైదరాబాదు కుర్రోడు సేత్తాడప్పా. గాలి హోరు ఎక్కువుందని ఆడే సదివీసినాడు."

"ఎట్టీముందు నువ్వు సూడనేదా?"

"సూసినాను." గొంతు తగ్గింది. "ఎంతమంది సూసినారో అది సూసినాను."

"నీ ఇంట్లో ఇద్దరు గుంటలున్నారు. నీకు తెల్దా గుంటంటే ఏటో?"

అలవాటుపడిన త్రినాథ్ చెయ్యి ఊరుకోలేదు. ఫోను పైకి లేస్తోంది. "అయితే మాస్టారు గుంటని ఎత్తుకుపోనాడన్నమాట. ఇది ఇప్పుడే లైవులో..."

కామాక్షి ఆ మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు, జ్వరం చూసినట్టు.

"పొద్దున్న పెంటయ్య, మద్దేనం మాస్టారు. సాయంత్రానికి ఎవలురా? ఆ బటను నొక్కినావంటే, రత్నాలమ్మ ఇప్పుడన్న మాట ఆమె గొంతుతోనే నీ ఆరు లచ్చల మందికీ నాను పంపుతాను. తప్పుడు మాటతో ఒక ముసలోడిని జైలుకి తోలినావని ఆలకీ తెలవాల."

"ఏటి సెయ్యమంటావు మరి?"

"ఏటీ మారకుండా సెయ్యి. ఇంజినాపకు. నువ్వా గుంటనే సూపించు. నాను ఈ గుంటని ఎతుకుతాను."

అతను కెమెరాని బురదవైపు తిప్పి, ఎప్పటి గొంతుతోనే మొదలుపెట్టాడు. "నమస్కారం ఫ్రెండ్స్, గుంటలో నీరు ఇంకా రెండడుగులు..."

కామాక్షి రత్నాలమ్మ పక్కన కూర్చుంది. "ఏ గుంట, పిన్నీ?"

"తవిటమ్మ గుంట, కీర్తి. పెంటయ్య పరిగెట్టుకొచ్చి కడ్డీకి తువ్వాలు సుట్టినాడు. మల్లీ పిక్కల కుప్ప కాడ ఎవలూ నేరని ఎల్లిపోనాడు. అంతలో నా మేకలు సరుగుడు తోటలో పడ్డాయి, నానూ ఎల్లిపోనాను."

"ఇదంతా ఆడికి సెప్పనేదేటి?"

"సెప్పడానికి నోరు తెరిసినాను. ఆడు గుంట అన్నకాడికి ఆపీసి నా మేకలకి పొటోలు తీసుకున్నాడు."

*

తవిటమ్మ ఇల్లు తోటకి కిలోమీటరు. రెండూ ఇరవైకి కామాక్షి స్కూటరు ఆపేసరికి ఆమె వసారాలో పిక్కలు కొడుతోంది. చేతులకి బూడిద, ఒళ్ళో గోనెపట్టా. వేళ్ళు తువ్వాలు మీది మరకల రంగులోనే ఉన్నాయి.

"మా గుంటా? మాయమ్మ కాడుందమ్మా, జలంత్రకోటలో. బడికి సెలవులు కదా. ఆదివారం పొద్దున్నే ఎల్లింది. రోడ్డు కాడ ఆటో ఎక్కీస్తాది, దానికలవాటే."

"తిన్నగా ఎల్లిందా?"

తవిటమ్మ చేతిలో పిక్క ఆగింది. ఆమె కళ్ళు వీధివైపు వెళ్ళొచ్చాయి. "దారిలో సన్యాసయ్య గారి షెడ్డులో ఒక బుట్ట పిక్కలు కొట్టీసి ఎల్తానంది. ఎవలితో అనకమ్మా. పనిలో గుంటలున్నారని బయటకి పొక్కితే మా ఇంటికి పిక్కలు రావు."

పెంటయ్య మూసుకున్న నోటికి తాళంచెవి ఇక్కడ దొరికింది. పిల్ల పేరు చెబితే షెడ్డు పేరు చెప్పాలి. షెడ్డు పేరు చెబితే యజమాని ఊరుకోడు. పిల్ల ఎలాగోలా ఆస్పత్రికి చేరిపోయిందనుకుని, తను జైలుకి వెళ్ళినా ఫరవాలేదనుకున్నాడు.

"సన్యాసయ్య వేను మీ ఇంటికి ఎప్పుడొస్తాది?"

"ఆదివారం, ఆదివారం ఎనిమిదికి. పప్పు ఎత్తుకుని పిక్కలు దింపుతాది. మొన్న మట్టుకు మద్దేనం రెండుకొచ్చింది. టైరు పోయిందన్నారు."

ఏడూ నలభై రెండుకి మాస్టారు దిగాడు. పిల్ల కన్ను కడిగి, కడ్డీ మీద కూర్చోబెట్టాడు. షెడ్డునుంచి వ్యాను వచ్చే దారి అదే, వచ్చే వేళ కూడా అదే. బడీడు పిల్ల కంట్లోకి జీడినూనె ఎలా వచ్చిందని బడిపంతులు అడక్కుండా ఉండడు. అక్కడినుంచి కిలోమీటరు దూరం రావడానికి ఆ వ్యానుకి ఆరు గంటలు పట్టింది.

"మీ అమ్మ నెంబరు సూపించు" అంది కామాక్షి. పక్కన కూర్చుని, తన ఫోనులో కలిపి స్పీకరు పెట్టింది.

అవతల ముసలి గొంతు. "కీర్తా? రానేదమ్మా. ఈ ఏడు సెలవులకి తవిటమ్మే పంపనేదనుకున్నాను. ఏల, ఏటయింది?"

తవిటమ్మ లేవలేదు, ఏడవలేదు. చేతిలో ఉన్న పిక్కని చాలా జాగ్రత్తగా బుట్టలో పెట్టింది. మూడు రోజులుగా తల్లి పిల్ల అక్కడుందనుకుంది, అమ్మమ్మ పిల్ల ఇక్కడుందనుకుంది. ఒక మనిషి కోసం రాష్ట్రమంతా కెమెరాలు పట్టుకుని తిరిగింది. అతనితోపాటు మాయమైన పదేళ్ళ పిల్లని వెతికినవాళ్ళు ఒక్కరూ లేరు.

"తవిటమ్మా, ఇటు సూడు. సన్యాసయ్యకి పోను సెయ్యి. ఏటీ తెలీనట్టు మాటాడు. నువ్వు గట్టిగుంటేనే గుంట దొరుకుతాది."

కామాక్షి తన ఫోను ఒళ్ళో పడేసి ఆమె ఫోను అందుకుంది. తవిటమ్మకి చదువు లేదు. ఫోనులో పేర్ల బదులు బొమ్మలు పెట్టుకుంది. అమ్మకి ఆవు, యజమానికి తెల్ల వ్యాను. కామాక్షి వ్యాను బొమ్మ నొక్కి, స్పీకరు పెట్టింది. మూడో రింగుకి ఎత్తాడు.

"ఏటే తవిటమ్మా? పిక్కలైపోనాయా?"

"నేదు బాబూ. మా గుంటని మాయమ్మ కాడినించి తెచ్చుకుందామని. వేను అటెలితే కూడా ఎక్కించుకొచ్చీమని..."

"ఇప్పుడేల? నిన్న జలంత్రకోట ఎల్లినాను కదా, నానే సూసినాను. మీ అమ్మ వాకిట్లో ఆడుకుంటంది. నాలుగు దినాలుండనీ. నాను కోటబొమ్మాలిలో ఉన్నాను, మల్లీ..."

"అబద్దం!"

ఆ కేక కామాక్షి ఒళ్ళోంచి వచ్చింది. కట్ చేశాననుకున్న ఫోను కట్ కాలేదు. జలంత్రకోటలో ముసలమ్మ అంతా వింటూనే ఉంది. "అబద్దం బాబూ! గుంట నాకాడికి రానేనేదు! ఎవలే, ఎవలే తవిటీ ఆడు?"

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి పొరపాటు చెయ్యలేదు కామాక్షి. చెయ్యి ఫోను మీదికి వెళ్ళేలోపే ఆలస్యమైపోయింది.

అవతల సన్యాసయ్య మాట ఆగిపోయింది. కానీ అతను వెంటనే పెట్టెయ్యలేదు. నాలుగు క్షణాలు ఊపిరి వినబడింది. ఆ ఊపిరి వెనకనుంచి ఇంకో చప్పుడు, పెద్దగా లేచి, విరిగి, ఇసకమీద జారుతూ వెనక్కి వెళ్ళే చప్పుడు. మళ్ళీ లేచింది. అప్పుడు ఫోను కట్టయింది.

రెండూ నలభై ఏడు.

కామాక్షి స్కూటరు తాళం తీసుకుని, నడుస్తూనే ఎస్సైకి ఫోను కలిపింది.

"పెంటయ్యని వదిలెయ్యండి. జీపు బేగి అక్కుపల్లి వైపు తియ్యండి, రేవులో ఒక్క పడవ కూడా కదలకూడదు. ఎతకాల్సింది ఒకరిని కాదు, ఇద్దర్ని. సన్యాసయ్య కోటబొమ్మాళిలో ఉన్నానంటున్నాడు."

"అయితే కోటబొమ్మాళికే వెళ్దాం."

"నేను పుట్టింది ఆ ఊళ్ళోనే, సార్. కోటబొమ్మాళిలో సముద్రం లేదు."